ఇంగ్లీష్ నేర్చుకోవడానికి విదేశాల్లో కోర్సు: వెళ్తే నిజంగా మాట వస్తుందా?

కొత్తదారి:
అందరికీ నమస్కారం. ఇంగ్లీష్ చదివితే అర్థమవుతుంది. మెయిల్ కూడా బాగానే రాస్తాను. మాట్లాడాల్సి వచ్చేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. ఆన్‌లైన్ మీటింగులో నా వంతు దగ్గరపడుతోందంటేనే టెన్షన్. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో కూర్చుకునేలోపు చర్చ ఇంకెక్కడికో వెళ్లిపోతుంది.

వచ్చే ఏడాది ఒక ఉద్యోగం వదిలి ఇంకోదాంట్లో చేరే మధ్య దాదాపు మూడు నెలల ఖాళీ దొరికేలా ఉంది. ఆ సమయంలో ఇంగ్లీష్ మాట్లాడే దేశానికి వెళ్లి, లాంగ్వేజ్ స్కూల్లో చేరి, అక్కడి కుటుంబంతో ఉంటూ నేర్చుకుందామని ఆలోచన. ఇంట్లోవాళ్లు సగం ఒప్పుకున్నారు. మిగతా సగం ఒక ప్రశ్న దగ్గర ఆగింది: "ఇన్నేళ్లు ఇక్కడ రానిది అక్కడికెళ్తే ఎలా వస్తుంది?" నా దగ్గర జవాబు లేదు.

వెళ్లొచ్చినవాళ్లు, ఇంగ్లీష్ నేర్పేవాళ్లు ఉంటే చెప్పండి. ఏ దేశం, ఎలాంటి స్కూల్, వెళ్లే ముందు ఏం చేయాలి? మంచీ చెడూ రెండూ చెప్పండి.

పడవప్రయాణం:
కొత్తదారి గారూ, నేను ఐర్లండ్ పశ్చిమ తీరంలో గాల్వే అనే ఊళ్లో కోర్సు చేశాను, హోమ్‌స్టేలో ఉన్నాను. నా వరకు మాట వచ్చింది క్లాసులో కాదు, రాత్రి భోజనాల బల్ల దగ్గర. మా హోస్ట్ ఫ్యామిలీ రిటైరైన దంపతులు. ఆయనకి హర్లింగ్ ఆటంటే ప్రాణం. మ్యాచ్ ఉన్న రోజు ఇల్లంతా అదే మాట. నాకు ఆ ఆట ఏమిటో తెలియదు, కాబట్టి అడగాల్సి వచ్చేది. ఆయన చెప్పేవారు, నాకు సగం అర్థమయ్యేది, మళ్లీ అడిగేవాణ్ని. నిజంగా తెలుసుకోవాలని ఉన్నప్పుడు గ్రామర్ సరిచూసుకునే తీరిక మనసుకి ఉండదు. నోటికి వచ్చింది వచ్చినట్టు అడిగేస్తాం. అక్కడే నా భయం విడిచింది.

మొదట్లో సాయంత్రానికి తలనొప్పి వచ్చేది. రోజంతా చెవులు రిక్కించి వింటే ఎవరికైనా వస్తుంది. కొన్నాళ్లకు దానంతట అదే పోయింది. ఒకరోజు బస్సులో వెనక సీటువాళ్ల మాటలు నేను ప్రయత్నించకుండానే అర్థమవుతున్నాయని గమనించాను. ఆ ఆనందం ఇంతా అంతా కాదు. వెళ్లండి.

మితభాషి:
నేను వేరేగా చెబుతాను. లాంగ్వేజ్ స్కూల్లో మీ పక్కన కూర్చునేది ఇంగ్లీష్ మాతృభాషగా ఉన్నవాళ్లు కాదు, మీలాగే నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు. క్లాసయ్యాక ఎవరి దేశం వాళ్లు గుంపుగా కూడి సొంత భాషలో మాట్లాడుకుంటారు. గదికి వచ్చి ఫోన్లో ఇంటివాళ్లతో మాట్లాడతారు, సొంత భాషలో సిరీస్ చూస్తారు. అదంతా ఇంగ్లీష్ దేశంలోనే జరుగుతుంది, ఇంగ్లీష్ మాత్రం ఉండదు. విదేశాల్లో ఏళ్ల తరబడి ఉండి కూడా షాపులో అడగాల్సిన నాలుగు మాటలు దాటనివాళ్లు నాకు తెలుసు. అదే డబ్బుతో ఆన్‌లైన్లో మంచి టీచర్‌ని పెట్టుకుని రోజూ మాట్లాడితే ఎక్కువ ఫలితం వస్తుందని నా గట్టి నమ్మకం.

అక్షరసేవ:
పెద్దవాళ్లకి ఇంగ్లీష్ నేర్పడం నా వృత్తి. పై ఇద్దరూ చెప్పింది నిజమే, రెండింటికీ పరిశోధనలు ఉన్నాయి.

ముందు మితభాషి గారి వైపు. రిచర్డ్ ష్మిట్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. హవాయిలో స్థిరపడిన ఒక జపాన్ చిత్రకారుణ్ని, వెస్ అనే మారుపేరుతో, మూడేళ్లు గమనించారు. ఆయన కలుపుగోలు మనిషి. నలుగురితో మాట్లాడేవాడు, స్నేహితులుండేవారు, ఇంగ్లీష్‌లోనే పనులు చక్కబెట్టుకునేవాడు. మాట్లాడే ధైర్యం, నేర్పు బాగా పెరిగాయి. గ్రామర్ మాత్రం మూడేళ్ల తర్వాత కూడా దాదాపు మొదలుపెట్టిన చోటే ఉంది. చుట్టూ భాష ఉన్నంత మాత్రాన గ్రామర్ దానంతట అదే కుదురుకోదని దీన్ని చూపిస్తుంటారు.

ఇంకొకటి 2004 నాటిది. ఫ్రీడ్, సెగలోవిట్జ్, డ్యూయీ అనే ముగ్గురు ఫ్రెంచ్ నేర్చుకుంటున్న అమెరికా విద్యార్థుల్ని మూడు గుంపులుగా పోల్చారు: సొంత దేశంలో మామూలు క్లాసుకు వెళ్లినవాళ్లు, ఫ్రాన్స్ వెళ్లి చదివినవాళ్లు, అమెరికాలోనే వేసవిలో పూర్తిగా ఫ్రెంచ్‌లోనే గడిపే శిబిరంలో ఉన్నవాళ్లు. మాట ధారాళంగా రావడంలో అందరికన్నా ముందుకెళ్లింది ఆ శిబిరం వాళ్లు. ఫ్రాన్స్ వెళ్లినవాళ్లు క్లాసు బయట ఫ్రెంచ్ కన్నా ఇంగ్లీషే ఎక్కువ వాడామని వాళ్లే చెప్పారు. దేశం మారిందా లేదా అన్నదానికన్నా రోజుకి ఎన్ని గంటలు ఆ భాషలో గడిపామన్నదే లెక్క. పడవప్రయాణం గారికి కలిసొచ్చింది కూడా అదే: ఆ బల్ల దగ్గర తప్పించుకునే దారి లేదు.

కాబట్టి మీ ఇంట్లోవాళ్ల ప్రశ్నకు నా జవాబు ఇది: అక్కడ భాష గాలిలోంచి రాదు. ఇంగ్లీష్ వాడక తప్పని గంటలు అక్కడ దొరుకుతాయి. ఆ గంటలు దొరికేలా ప్రయాణాన్ని మీరే అమర్చుకోవాలి. అలా అమర్చుకోకపోతే మితభాషి గారు చెప్పినట్టే అవుతుంది.

కొత్తదారి:
అక్షరసేవ గారూ, చాలా థాంక్సండి. ఇంటివాళ్లకి చెప్పడానికి ఇప్పుడు మాట దొరికింది. నా స్థాయి బీ1 అని ఒక ఆన్‌లైన్ టెస్టులో వచ్చింది. మూడు నెలల్లో ఎంతవరకు వెళ్లొచ్చు? కొన్ని స్కూళ్ల ప్రకటనల్లో "12 వారాల్లో ఫ్లూయెంట్" అని ఉంది.

అక్షరసేవ:
ఆ ప్రకటన పక్కన పెట్టండి. లెక్క వేసి చూద్దాం. యూరప్ కౌన్సిల్ రూపొందించిన సీఈఎఫ్ఆర్ కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్నాయి, మీ బీ1 మూడోది. ఒక మెట్టు నుంచి పై మెట్టుకి టీచర్‌తో కలిసి చదివే గంటలు సుమారు 200 పడతాయని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ అంచనా. ఇది మనిషిని బట్టి మారుతుంది, అయినా మోటుగా పనికొస్తుంది.

ఇప్పుడు స్కూల్ బ్రోషర్ చూడండి. "వారానికి 20 లెసన్లు" అని ఉంటుంది. లెసన్ అంటే చాలాచోట్ల గంట కాదు, 45 నిమిషాలు. అంటే వారానికి 15 గంటలు. 12 వారాలకి 180. ఒక్క మెట్టుకి కూడా కొంచెం తక్కువే. అంటే క్లాసుల వల్ల మాత్రమే అయితే బీ1 నుంచి బీ2 గుమ్మం దాకా చేరతారు. మిగతాది క్లాసు బయటే ఉంది. రోజుకి 16 గంటలు మెలకువగా ఉంటామనుకుంటే వారానికి 112 గంటలు. అందులో క్లాసు 15. మిగిలిన 97 గంటల్లో ఎన్ని ఇంగ్లీష్‌లో గడుస్తాయన్నదే మీ మూడు నెలల ఫలితం.

అయితే బీ1తో వెళ్లడం మంచి సమయమే. అసలేమీ రాకుండా వెళ్తే చుట్టూ వినపడేదంతా హోరులా ఉంటుంది, క్లాసులో చెప్పేవి ఇంటి దగ్గరే పుస్తకంతో నేర్చుకోదగ్గవి. మీకు చదవడం, రాయడం వచ్చు. లోపల ఉన్న ఇంగ్లీష్‌ని బయటికి తేవడం మీ అవసరం. ఇలాంటివాళ్లకి తక్కువ కాలంలోనే తేడా కనిపిస్తుంది. యానెస్, మున్యోస్ అనే పరిశోధకులు 2009లో మూడు నాలుగు వారాల ప్రయాణాల్ని పరిశీలించారు. అంత తక్కువ కాలంలో కూడా వినడంలో, ధారాళంగా మాట్లాడటంలో మెరుగుదల కనిపించింది.

నీలిసంద్రం:
దేశం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెబుతాను. నేను మాల్టాలో చదివాను. మధ్యధరా సముద్రంలో చిన్న ద్వీపదేశం. మాల్టీస్‌తో పాటు ఇంగ్లీష్ కూడా అధికార భాష. లాంగ్వేజ్ స్కూళ్లు ఎక్కువగా స్లీమా, సెయింట్ జూలియన్స్ వైపు ఉంటాయి. స్కూళ్లకు ప్రభుత్వ లైసెన్స్ తప్పనిసరి. వాతావరణం హాయిగా ఉంటుంది, అందరికీ ఇంగ్లీష్ వచ్చు, నడిచి తిరిగేంత దగ్గరగా ఊళ్లు.

అయితే జులై, ఆగస్టుల్లో మాత్రం వెళ్లకండి. యూరప్ నలుమూలల నుంచి టీనేజ్ పిల్లలు వేలల్లో వచ్చిపడతారు. ఎక్కడ చూసినా ఇటాలియన్, స్పానిష్, ఫ్రెంచ్ వినిపిస్తాయి. క్లాసులు నిండిపోతాయి, ప్రతి సోమవారం కొత్తవాళ్లు చేరతారు, వెళ్లేవాళ్లు వెళ్తారు, పాఠం మళ్లీ మొదటికొస్తుంది. నేను చలికాలంలో ఉన్నాను. క్లాసు చిన్నది, టీచర్‌కి ప్రతి ఒక్కరి బలహీనత తెలుసు. అదే స్కూల్, అదే పుస్తకం. వెళ్లిన నెల వల్ల ఇంత తేడా ఉంటుందని ముందు ఎవరూ చెప్పరు.

మా చెల్లెలు ఫిలిప్పీన్స్‌లో చేసింది. అక్కడ పద్ధతే వేరు. సెబూ, బాగియో ఊళ్లలోని స్కూళ్లలో రోజులో ఎక్కువ భాగం ఒక టీచర్, ఒక విద్యార్థి. చిన్న గదిలో ఎదురెదురుగా కూర్చుని రోజుకి నాలుగైదు గంటలు అలా మాట్లాడాల్సిందే. ఉండటం, తిండి, క్లాసు అన్నీ ఒకే ఆవరణలో. కొన్ని స్కూళ్లలో వారం మధ్యలో బయటికి వెళ్లనివ్వరు, దాన్ని స్పార్టా పద్ధతి అంటారు. చాలా స్కూళ్లు కొరియావాళ్లు పెట్టినవి, విద్యార్థులు కూడా కొరియా, జపాన్, తైవాన్ నుంచి వస్తారు. మా చెల్లి నోరు తెరిచి మాట్లాడటం అక్కడే మొదలైంది. బయట ఊళ్లో ఇంగ్లీష్‌తో తిరిగిన అనుభవం మాత్రం తక్కువే అంటుంది.

మితభాషి:
నీలిసంద్రం గారూ, ఒకరికి ఒక టీచర్ అన్నప్పుడు నేను చెప్పిన ఆన్‌లైన్ టీచర్‌కీ దానికీ తేడా ఏముంది?

నీలిసంద్రం:
గంటలు. ఆన్‌లైన్లో రోజుకి అయిదు గంటలు ఎవరు కూర్చుంటారండి? ఉద్యోగం, ఇల్లు, ఫోన్ అన్నీ చుట్టూ ఉంటే గంట కూర్చోవడమే గొప్ప. అక్కడికి వెళ్లింది అదొక్కటే పని పెట్టుకుని. మీ మాట తీసెయ్యడం లేదు, వెళ్లే ముందు రెండు మూడు నెలలు ఆన్‌లైన్ టీచర్‌తో మాట్లాడి వెళ్తే ఇంకా మంచిది. మా చెల్లి అదే చేసింది.

మితభాషి:
ఆ మాట ఒప్పుకుంటాను. ముందు ఇక్కడ మొదలుపెట్టి వెళ్లేవాళ్లకి ఉపయోగం ఉంటుంది. ఏమీ చేయకుండా విమానం ఎక్కితే చాలనుకునేవాళ్ల గురించే నా బాధ.

ఫైళ్లమనిషి:
నేను వీసా దరఖాస్తుల పనిలో ఉన్నాను. దేశం ఎంచుకునేటప్పుడు చాలామంది ఊరి అందం చూస్తారు, వీసా రకం చివర్లో చూస్తారు. అది ముందు చూడాల్సిన సంగతి. క్లుప్తంగా చెబుతాను. నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు రోజున ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్లో మళ్లీ సరిచూసుకోండి.

బ్రిటన్‌లో విజిటర్‌గా వెళ్లి గుర్తింపు ఉన్న సంస్థలో ఆరు నెలల వరకు చదవొచ్చు. అంతకు మించి 11 నెలల వరకు ఇంగ్లీష్ కోర్సు కోసం వేరే షార్ట్ టర్మ్ స్టడీ వీసా ఉంది. రెండింట్లోనూ ఉద్యోగం చేయకూడదు. కెనడాలో ఆరు నెలలు, అంతకు తక్కువ కోర్సుకి స్టడీ పర్మిట్ అక్కర్లేదు, విజిటర్‌గా చదవొచ్చు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో విజిటర్ వీసా మీద మూడు నెలల వరకు. ఐర్లండ్‌లో చదువుతూ పార్ట్ టైమ్ పని చేసుకోవాలంటే ప్రభుత్వ జాబితాలో ఉన్న 25 వారాల కోర్సు, వారానికి కనీసం 15 గంటల క్లాసు ఉండాలి, హాజరు కూడా చూస్తారు. మూడు నెలల ఖాళీకి అది సరిపడదు, అక్కడ మీకు తక్కువ కాలపు స్టడీ వీసా. మాల్టా షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమిలోది, కాబట్టి ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదన్న లెక్క వర్తిస్తుంది. వెళ్లొచ్చేటప్పుడు పక్క యూరప్ దేశాలు తిరిగితే ఆ రోజులూ అందులోకే వస్తాయి. ఫిలిప్పీన్స్‌లో స్పెషల్ స్టడీ పర్మిట్ కావాలి, మామూలుగా స్కూలే తీయిస్తుంది.

అమెరికా సంగతి విడిగా చెప్పాలి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి ఫుల్ టైమ్ ఇంగ్లీష్ కోర్సులో చేరడం కుదరదు. స్కూల్ ఇచ్చే ఐ-20 పత్రంతో ఎఫ్-1 అనే విద్యార్థి వీసా తీసుకోవాలి, అందులో వారానికి కనీసం 18 గంటల క్లాసు. "ముందు టూరిస్ట్‌గా వెళ్లండి, తర్వాత చూసుకోవచ్చు" అని ఏ ఏజెంట్ అన్నా అక్కడితో లేచి వచ్చేయండి. ఆ సలహా వల్ల తర్వాతి వీసాలు కూడా దెబ్బతిన్నవాళ్లని చూశాను. వాళ్ల తప్పేమీ లేదు, నమ్మారంతే. అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను.

స్కూల్‌కి గుర్తింపు ఉందో లేదో స్కూల్ వెబ్‌సైట్లో కాదు, గుర్తింపు ఇచ్చే సంస్థ జాబితాలో వెతకండి. బ్రిటన్‌కి బ్రిటిష్ కౌన్సిల్ జాబితా, కెనడాకి లాంగ్వేజెస్ కెనడా. బ్రిటిష్ కౌన్సిల్ తనిఖీ నివేదికల సారాంశాలు అందరికీ చదవడానికి పెడుతుంది. అవి బ్రోషర్ కన్నా ఎంతో మేలు.

చిన్నోడిఅమ్మ:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బాబుకి 14 ఏళ్లు. వేసవి క్యాంపుకి పంపమని గొడవ. అంత చిన్నవాడిని పంపితే ఇంగ్లీష్ వస్తుందా, ఆటలతో సరిపోతుందా?

అక్షరసేవ:
అమ్మా, ఆ వయసు వాళ్లకి ఆటల్లోనే వస్తుంది, అది తక్కువేం కాదు. చూడాల్సినవి రెండు. ఒకే దేశం పిల్లలు గుంపుగా వచ్చే క్యాంపు అయితే వాళ్లలో వాళ్లే ఉండిపోతారు. గదుల్లో వేర్వేరు భాషల పిల్లల్ని కలిపి ఉంచుతారా అని అడగండి. రెండోది భద్రత. బ్రిటన్‌లో గుర్తింపు తనిఖీలో 18 ఏళ్ల లోపు పిల్లల సంరక్షణ ప్రత్యేక భాగం. ఆ నివేదిక చదివాకే డబ్బు కట్టండి. బాబుకి ఇష్టం ఉండి అడుగుతున్నాడు కాబట్టి సగం పని అయినట్టే.

ఉత్తరగాలి:
నేను స్కాట్లండ్‌లో ఎడిన్‌బరాలో చదివాను. కొత్తదారి గారికి ఆ 97 గంటల గురించే చెప్పాలనిపించింది, ఎందుకంటే అందరూ "బయట మాట్లాడండి" అంటారు, ఎవరితో అన్నది చెప్పరు. కొత్త ఊళ్లో దారిన పోయేవాళ్లని ఆపి మాట్లాడలేం కదా.

పని ఉన్న చోటికి వెళ్లాలి. అందరూ కలిసి ఏదో ఒకటి చేస్తున్న చోట మాట తనంతట తాను వస్తుంది. నేను శనివారం పొద్దున్నే పార్క్‌రన్‌కి వెళ్లేవాణ్ని. పార్కులో అయిదు కిలోమీటర్లు, పరుగెత్తొచ్చు, నడవొచ్చు, ఉచితం. 2004లో లండన్ బుషీ పార్కులో మొదలై ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. పరుగు ఇష్టం లేకపోతే వాలంటీర్‌గా నిలబడొచ్చు. నేను ఎక్కువగా అదే చేశాను, ఎందుకంటే వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి చెప్పాలి, అయ్యాక అందరూ కేఫ్‌లో కూర్చుంటారు. మళ్లీ వారం అవే ముఖాలు. రెండోసారి కలిసినవాళ్లతో మాట మొదటిసారికన్నా ఎంతో సులువు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడమే కిటుకు. లైబ్రరీల్లో కాన్వర్సేషన్ గ్రూపులు, బోర్డ్ గేమ్ క్లబ్బులు, పాటల బృందాలు, ఏదైనా పర్లేదు, మీకు నిజంగా ఇష్టమైనదై ఉండాలి.

ఇంకో మాట. మా క్లాసులో నా భాష మాట్లాడేవారు ఒకరుండేవారు. చాలా మంచి మనిషి. క్లాసు రోజుల్లో ఇంగ్లీష్‌లోనే మాట్లాడుకుందామని మొదటి వారమే అనుకున్నాం. కాస్త ఇబ్బందిగానే ఉండేది, అయినా నిలబెట్టుకున్నాం. ఇద్దరికీ మేలు జరిగింది.

ఫైళ్లమనిషి:
ఉత్తరగాలి గారు వాలంటీర్ పని అన్నారు కాబట్టి ఒక చిన్న జత. బ్రిటన్‌లో విజిటర్‌గా ఉన్నవాళ్లు రిజిస్టరైన ఛారిటీలో 30 రోజుల వరకు వాలంటీర్‌గా చేయొచ్చు. అంతకు మించితే నియమం దాటినట్టే.

కొత్తదారి:
యాస గురించి భయంగా ఉంది. గాల్వే, ఎడిన్‌బరా అంటున్నారు, అక్కడి మాట నాకు అర్థమవుతుందా? తిరిగొచ్చాక మాట్లాడాల్సింది ఎక్కువగా ఇంగ్లీష్ మాతృభాష కాని విదేశీ సహోద్యోగులతో.

ఉత్తరగాలి:
మొదటి వారం అర్థం కాదు, తర్వాత అలవాటవుతుంది. టీచర్లు క్లాసులో నిదానంగా, స్పష్టంగానే మాట్లాడతారు. వీధిలోనే కష్టం. ఒక కష్టమైన యాసకి చెవి అలవాటు పడితే మిగతావాటికి భయం తగ్గుతుంది.

అక్షరసేవ:
మీ అవసరం చూస్తే, వేర్వేరు దేశాల వాళ్లు కలిసే క్లాసు మీకు లోటు కాదు, లాభమే. బ్రెజిల్, టర్కీ, జపాన్ వాళ్ల ఇంగ్లీష్ వినడం, మీ మాట వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం, రేపు మీటింగులో మీరు చేయబోయేది అదే కదా. మితభాషి గారు తోటి విద్యార్థుల గురించి అన్నది ఈ ఒక్క విషయంలో మీకు వర్తించదు. కాకపోతే ఒకే దేశం వాళ్లు సగం మంది ఉన్న క్లాసు వద్దు. మీరు వెళ్లే నెలలో ఏ దేశాల వాళ్లు ఎంతమంది ఉంటారో అడిగితే చాలా స్కూళ్లు చెబుతాయి.

మాట్లాడే భయం గురించి కూడా చెప్పాలి, మీ మొదటి పోస్టులో అసలు బాధ అదే. భాష రాకపోవడం వేరు, భాష మాట్లాడాలంటే కలిగే ఆందోళన వేరు. హార్విట్జ్ బృందం 1986లోనే దీన్ని విడిగా కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేసింది. మంచి ఇంగ్లీష్ ఉన్నవాళ్లకీ ఈ ఆందోళన ఉంటుంది. నా విద్యార్థుల్లో చూసిందేమిటంటే, వాక్యం మొత్తం సిద్ధమయ్యాకే నోరు తెరవాలనుకునేవాళ్లకి ఇది ఎక్కువ. విదేశంలో ఆ సమయం దొరకదు. బస్ డ్రైవర్ చూస్తుంటాడు, వెనక జనం ఉంటారు, సగం వాక్యంతోనే మొదలుపెట్టాలి. సగం వాక్యంతో కూడా పని జరుగుతుందని ఒంటికి తెలిసొస్తుంది. చాలామందికి ఆ ప్రయాణంలో దక్కే అసలు ఫలితం ఇదేనని నా అభిప్రాయం.

పడవప్రయాణం:
నూటికి నూరు పాళ్లు నిజం. నాకు గుర్తున్నది ఫోన్ కాల్స్. మనిషి ఎదురుగా ఉంటే చేతులతోనైనా చెప్పొచ్చు, ఫోన్లో మాటే దిక్కు. మా హోస్ట్ ఆవిడ నా పనులు తాను చేసిపెట్టేది కాదు, ఫోన్ నా చేతికిచ్చి పక్కన నిలబడేది. అంత ఓపిక ఉన్న కుటుంబం దొరకడం నా అదృష్టం. అన్ని హోమ్‌స్టేలూ అలా ఉండవు. ఒకేసారి అయిదారుగురు విద్యార్థుల్ని ఉంచుకుని, భోజనం పళ్లెంలో పెట్టి ఎవరి గదికి వాళ్లని పంపే ఇళ్ల గురించి కూడా విన్నాను. బుక్ చేసే ముందే అడగండి: ఇంట్లో ఇంకెంతమంది విద్యార్థులుంటారు, వాళ్ల భాషేమిటి, రాత్రి భోజనం కుటుంబంతో కలిసేనా. నచ్చకపోతే ఇల్లు మార్చే అవకాశం ఉంటుందా అన్నది కూడా.

కొత్తదారి:
గ్రామర్ సంగతి మాత్రం బెంగగానే ఉంది. వెస్ గారి కథ చదివాక, ధైర్యంగా తప్పులు మాట్లాడేవాణ్ని అయిపోతానేమో అనిపిస్తోంది.

అక్షరసేవ:
ఆ బెంగ ఉండటమే మంచిది, ఎందుకంటే గమనించేవాళ్లు బాగుపడతారు. మామూలు సంభాషణలో ఎదుటివాళ్లు మీ తప్పు ఎత్తిచూపరు, మర్యాద అడ్డొస్తుంది. మహా అయితే మీరన్నదాన్నే సరిచేసి తిరిగి అంటారు. మీరు "యెస్టర్‌డే ఐ గో" అంటే "ఓ, యూ వెంట్ యెస్టర్‌డే?" అంటారు. మీరు "యెస్" అని ముందుకెళ్లిపోతారు, సరిదిద్దారని కూడా తెలియదు. లిస్టర్, రాంటా అనే ఇద్దరు కెనడా క్లాసుల్ని పరిశీలించి 1997లో ఇదే చెప్పారు: టీచర్లు ఎక్కువగా వాడేది ఈ మెత్తటి సవరణే, విద్యార్థులు తక్కువగా అందుకునేదీ ఇదే.

అందుకని మొదటి రోజే టీచర్‌కి చెప్పండి, "నేను మాట్లాడటం అయ్యాక నా తప్పుల్లో రెండు మూడు రాసివ్వండి" అని. అన్నీ వద్దు, అన్నీ దిద్దితే నోరు మూతపడుతుంది. ఈ వారం భూతకాలం, వచ్చే వారం ప్రశ్నలు, అలా ఒక్కొక్కటే. హోస్ట్ కుటుంబానికీ అదొక్కటే దిద్దమని చెప్పొచ్చు. సాయంత్రం అయిదు నిమిషాలు ఆ రోజు జరిగింది ఫోన్లో మీ గొంతుతో రికార్డ్ చేసి మర్నాడు వినండి. సొంత తప్పులు వినేటప్పుడు దొరికినంత తేలిగ్గా మాట్లాడేటప్పుడు దొరకవు.

నీలిసంద్రం:
తిరిగొచ్చాక ఏమవుతుందో కూడా చెప్పాలి. నాకు ధారాళత తగ్గిపోవడం చాలా త్వరగా తెలిసింది. అందుకని నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరాను. 1924 నుంచి ఉన్న సంస్థ, చాలా దేశాల్లో క్లబ్బులున్నాయి, ఆన్‌లైన్లో కూడా కలుస్తాయి, అతిథిగా వెళ్లి చూడొచ్చు. మాల్టాలో నాతో చదివిన పోలండ్ అమ్మాయితో ఇప్పటికీ వారానికోసారి వీడియో కాల్ మాట్లాడతాను. ఇద్దరికీ కలిసే భాష ఇంగ్లీష్ ఒక్కటే కాబట్టి వేరే దారి లేదు.

కొత్తదారి:
అందరికీ నిజంగా కృతజ్ఞతలు. రాత్రి ఇంట్లో ఈ చర్చంతా చదివి వినిపించాను. రేపటి నుంచి ఆన్‌లైన్ టీచర్‌తో మొదలుపెడుతున్నాను. బ్రిటన్, మాల్టా రెండూ చూస్తున్నాను, వేసవి రద్దీ అయ్యాక వెళ్లేలా. స్కూళ్లకి పంపడానికి ఈ ప్రశ్నలు రాసుకున్నాను: లెసన్ ఎన్ని నిమిషాలు, క్లాసులో గరిష్ఠంగా ఎంతమంది, ఆ నెలలో ఏ దేశాల వాళ్లు, హోమ్‌స్టేలో ఎంతమంది విద్యార్థులు, భోజనం కలిసేనా, ఇల్లు మార్చుకోవచ్చా, తప్పులు విడిగా రాసిస్తారా. ఇంకేమైనా వదిలేశానా?

ఫైళ్లమనిషి:
రెండు చేర్చండి. మొదట్లో స్థాయి చూసే ప్లేస్‌మెంట్ టెస్టును బట్టి వేసిన క్లాసు సరిపడకపోతే ఎప్పుడు, ఎలా మారుస్తారు. వీసా తిరస్కరిస్తే ఎంత మొత్తం వెనక్కిస్తారు, ఎన్ని రోజుల్లో. రెండోదానికి జవాబు ఫోన్లో వద్దు, మెయిల్‌లోనే తీసుకోండి. అది వచ్చాకే అడ్వాన్స్ కట్టండి.